ఏనుగుబండ మీది ఎర్రగుడ్డ

పోయిన నెల కొండాపురం కాలనీలో మా తమ్ముని మనవరాలి బిడ్డకు పేరు పెట్టినారు. దానికని పోతే, అందరూ కలిసి గండికోట డ్యాం నీళ్లు చూపిస్తామని నన్ను తీసకపోయినారు. ఆరెంజి రంగు జాకెట్టు తొడిగి, బెల్టులు బిగించి, మోటారు పడవలో ముందు సీట్లో కూర్చోబెట్టినారు. నీళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రవి, పచ్చవి ప్లాస్టిక్ డ్రమ్ములు తేలుతున్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఆ డ్రమ్ములకు కింద కట్టిన తాడు ఎంత పొడుగుంటుంది, దాని చివర ఏం బరువు కట్టినారు, అవి జరిగినాయో లేదో పొద్దున్నే ఎవరు చూస్తారు అని పడవ నడిపే అతన్ని అడిగినాను. అవన్నీ వేసినవాళ్లకు తెలుసునని, నేనేమీ భయపడనక్కర్లేదని మర్యాదగానే చెప్పినాడు. నాది భయం కాదు. అది ఏమిటో ఆ పడవలో ఎవరికి చెప్పేది?

పులివెందులకు తిరిగొచ్చి పది రోజులైంది. ఇంకా కుదురు లేదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతున్నాను. పేపరు పడితే రెండు వరుసలు చదివి పక్కన పెడుతున్నాను. కోడలు డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటోంది. నడుమ ఆగిన చదువు మళ్లా చదువుకొని, ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినాను, పత్రికలకు ఏవేవో రాసినాను గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. రాసేస్తే గాని కూర్చోలేనని తెలిసిపోయింది.

మా ఊరు పెన్న దక్షిణపు గడ్డ మీద, జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ ఉండేది. పేరు రాయను, ఆనాటి వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. హైస్కూలు, పెద్దాసుపత్రి, బట్టల అంగళ్లు, అన్నీ అవతలి గడ్డనే. ఏడాదిలో ఎనిమిది నెలలు పెన్న అంటే ఇసకే, నడిచి దాటేవాళ్లం. వానకాలం ఏరు వచ్చిందంటే మాత్రం మా ఇంటి పుట్టి తప్ప వేరే దోవ లేదు. వెదురు బద్దలతో అల్లి, చుట్టూ ఎనుము తోలు బిగించిన పెద్ద గుండ్రటి బుట్ట లాంటిది అది. ఎండాకాలమంతా మా వాకిట్లో బోర్లా పడి ఉండేది. దానికి పూసిన తారు ఎండకు మెత్తబడి, తోలు వాసనా తారు వాసనా కలిసి ఇల్లంతా నిండేది. బంధువులు వస్తే ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన లేకుంటే అన్నం తిన్నట్టే ఉండేది కాదు.

పుట్టి తోసేది మా నాయన. ఏరు మాత్రం మా జేజిది. మా నాయన తల్లి, పేరు లచ్చుమక్క. అక్షరం రాదు. ఇంటి కప్పు మీదికి ఆమె పాకించే సొరతీగ కూరకు కాదు. కాయలు ముదిరి ఎండిపోయేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఎండిన బుర్రలు దూలానికి వేలాడుతూ, గాలికి లోపలి గింజలు గలగలమనేవి. ఏరు రాగానే ఒక్కో బుర్రకు కిత్తనార తాడు కట్టి, తాడు కొసకు రాయి కట్టి, నాయనను పుట్టి తొయ్యమని తానే ఏట్లో వేసి వచ్చేది. సున్నం పూసిన బుర్ర ఉందంటే ఆ పక్కన లోతు, పుట్టి నిర్భయంగా పోవచ్చు. గడ్డి మోపు కట్టిన కట్టె పాతిందంటే అక్కడ ఇసకమేట. ఎర్రగుడ్డ కట్టిన బుర్ర మాత్రం ఒక్కటే ఉండేది. అది ఏనుగుబండ మీద, దాని రాయి బండ పక్క లోతులో. ఏరు నిండుగా ఉంటే ఆ బండ నీళ్ల కింద జానెడు లోతులో దాక్కొని ఉంటుంది, పైకి చిన్న సుడి కూడా కనబడదు.

ఏరున్న నాలుగు నెలలూ జేజి కుదురుగా కూర్చున్నది నేను చూడలేదు. సంకటి కెలుకుతూ కెలుకుతూ లేచిపోయి గట్టు మీద నిలబడి చూసివచ్చేది. నోట్లో పొగాకు పెట్టుకొని ఉమ్మడానికి బయటికి పోయిన మనిషి గంటకు గాని తిరిగొచ్చేది కాదు. తెల్లవారి మొగం కడగకముందే రేవుకు పోయేది. మేం బట్టలుతికే రాయి మీద నిలబడి చూస్తే, ఆ ఎర్రగుడ్డ అవతలి గడ్డ మీది రెండు తాటిచెట్ల నడుమ కనబడాల. అట్లా కనబడితే గుర్తు కదల్లేదని లెక్క. నాకు పదేండ్లు వచ్చేసరికి ఆ చూపు నాకూ నేర్పింది. ఏటి సంగతి తప్ప ఇంకేదీ ఆమె నాకు చెయ్యి పట్టి నేర్పలేదు, వంట కూడా.

రేవును ప్రతి ఏడూ వేలం వేసేవాళ్లు. మాకు పోటీగా ఎవరూ పాడేవాళ్లు కాదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, నేను ఎనిమిదో తరగతితో చదువు మానేసి పెండ్లికి ఎదిగి ఇంట్లో ఉన్న కాలంలో, ఊరి సావుకారు ఒకాయన పాటకు దిగి రేవు పట్టుకున్నాడు. కొత్తగా చెక్కపడవ చేయించి, దాన్ని నడపడానికి గోదావరి పక్క నుంచి వీర్రాజు అనే మనిషిని పిలిపించినాడు. మా నాయన పుట్టిని వాకిట్లో బోర్లించి, ఇతరుల చేన్లలో చెనిక్కాయలు పీకడానికి కూలికి పోవడం మొదలుపెట్టినాడు. సాయంత్రం వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. రేవుకాడి వాళ్లతో ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడొద్దని ఒకే ఒక్కసారి చెప్పినాడు. గట్టిగా కూడా చెప్పలేదు.

వీర్రాజు నలభై ఏండ్ల మనిషి, బక్కపలచన, నాలాంటి ఆడపిల్లను కూడా గారు, అండీ అని పిలిచేవాడు. మా ఊర్లో అది వినీ వినీ నవ్వేవాళ్లు. కిరసనాయిలు డబ్బాలకు మూత మాటు వేయించి, కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి నలుపు పూసి రేవులో పెట్టుకున్నాడు. సముద్రం నుంచి రేవులోకి వచ్చే పడవలకు ఎడమచేతి పక్క ఎర్రడబ్బా, కుడిచేతి పక్క నల్లడబ్బా ఉంటాయని, ప్రపంచమంతా అట్లే అనుకుంటారని గట్టు మీద కూర్చున్నవాళ్లకు వివరిస్తున్నాడు. మాట్లాడొద్దన్న మాట జేజి మరిచిపోయింది.

“మా పెన్నలో సముద్రం యాడుండాదప్పా? ఈ గడ్డ నుంచి పొయ్యేటప్పుడు ఎడమపక్కుండేది, మళ్లా వచ్చేటప్పుడు కుడిపక్కకు రాదా?”

వీర్రాజు చేతిలో డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మీరన్నది నిజమేనండి అని ఒప్పుకున్నాడు. తర్వాత ఏట్లోకి చెయ్యి చూపించి, ఆ ఎర్రగుడ్డ ఏమిటని అడిగినాడు. జేజికి అప్పటికి నాయన మాట గుర్తొచ్చినట్టుంది. “బండ” అని ఒక్క మాట చెప్పి ఇంటికొచ్చేసింది. ఆ ఒక్క మాట మీదనే అతను పడవ నడుపుకున్నాడు. జేజి కూడా తన గుర్తులు తీసెయ్యలేదు. రేవు పోయింది గానీ బండ ఎక్కడికీ పోలేదు కదా అనింది.

నెల దాటినాక జేజికి చలిజ్వరం తగులుకుంది. లేవలేకపోయింది. ఒక రాత్రి పైన ఎక్కడో కురిసినట్టుంది, ఏరు మోకాలెత్తు పెరిగింది. తెల్లవారి నేను కడవ తీసుకొని రేవుకు పోయినాను. అలవాటు కొద్దీ ఉతికే రాయి ఎక్కి చూసినాను. రెండు తాటిచెట్ల నడుమ ఉత్త నీళ్లే కనబడినాయి. ఎర్రగుడ్డ దిగువకు కొట్టుకుపోయి, ఏ బండా లేని చోట, లోతు నీళ్ల మీద నిలబడి ఊగుతోంది. అంటే ఏనుగుబండ మీద ఇప్పుడు ఏ గుర్తూ లేదు. అసలైన దోవ మీద బండ ఉందని గుర్తు చెబుతోంది.

పడవలో జనం ఎక్కుతున్నారు. ప్రొద్దుటూరుకు చీరల మూటలు తీసుకుపోయే సాలె ఆడోళ్లు, ఒక అయ్యవారు, చంటిబిడ్డతో ఒక తల్లి, రెండు మేకలు. పదిహేను మందికి తక్కువ లేరు. వీర్రాజు నన్ను చూసి, రాత్రి నీళ్లు బాగా లాగినట్టున్నాయి, అంతా బాగానే ఉందాండి అని అడిగినాడు. నేను తల ఊపినాను.

ఎందుకు ఊపినానో ఇప్పటికి ఎన్నో రకాలుగా నాకు నేనే చెప్పుకున్నాను. నాయన మాట్లాడొద్దన్నాడు కాబట్టి అనుకున్నాను. తెల్లవారి చలికి అది ఊపడం కాదు, వణకడం అని కూడా అనుకున్నాను. నిజం ఏమంటే, ఆ చెక్కపడవ బండకు తగులుకొని నడి ఏట్లో ఇరుక్కోవాల, ఊరంతా నవ్వాల, సావుకారు మా నాయన కాళ్లకాడికి వచ్చి పుట్టి తియ్యమని బతిమాలాల అని నాకుండింది. మనుషులు మునుగుతారని అనుకోలేదు. అనుకోవడానికి కూడా అక్కడ నిలబడలేదు. కడవ నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చేసినాను.

కడవ దించకముందే కేకలు వినబడినాయి. ఎర్రగుడ్డకు దూరంగా పడవను తిప్పి, వీర్రాజు నేరుగా ఏనుగుబండ మీదికే పోయినాడు. పడవ అడ్డంగా తగిలి ఒక పక్కకు ఒరిగింది. నాయన కూలికి పోవడానికి తలగుడ్డ చుట్టుకుంటున్నవాడు అట్లే నిలబడిపోయినాడు. దుప్పటి కప్పుకొని పండుకున్న జేజి లేచింది. “పుట్టి ఎత్తు” అనింది, అంతే. ముగ్గురం కలిసి ఎత్తుకొని పోయి ఏట్లో దించినాము. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనిషి పుట్టి నడుమ నిలబడి, ఎటు తొయ్యాలో చేత్తో చూపిస్తూ ఉంటే నాయన తోసినాడు. మూడుసార్లు పోయి వచ్చినారు. మొదట బిడ్డనూ తల్లినీ, తర్వాత తక్కినోళ్లనూ. మేకలు కొట్టుకుపోయినాయి. మనుషులంతా గడ్డకు చేరినారు. కడాకు వీర్రాజును తెచ్చినారు. పడవ బండ మీదికి ఒరుగుతుంటే, జనం మీద పడకుండా చేత్తో బండను తొయ్యబోయినాడంట. చెక్కకూ రాయికీ నడుమ కుడిచెయ్యి నలిగిపోయింది. అదే పుట్టిలో అవతలి గడ్డకు చేర్చి, బండి కట్టి జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసకపోయినారు. మణికట్టు దాకా తీసేసినారని సాయంత్రం తెలిసింది.

ఊరంతా నాయనను మెచ్చుకుంది. నేను కోరుకున్నది అదే. రెండు రోజులు గడిచినాయి. జేజి జ్వరం తగ్గి, పొయ్యి ముందర కూర్చొని చెనిక్కాయలు వేయిస్తూ, నా మొగం చూడకుండా అడిగింది, ఆ పొద్దు నువ్వే గదా నీళ్లకు పోయింది, ఎర్రగుడ్డ యాడుండె అని. నేను చూడలేదన్నాను. ఆమె గరిట తిప్పుతానే ఉంది. చెనిక్కాయలు మాడే వాసన వస్తున్నా తిప్పుతానే ఉంది. మా ఇంట్లో అట్లా మాడడం అదే మొదలు. ఆ వాసనకు ఓర్చుకోలేక అంతా చెప్పేసినాను. తల ఊపిన సంగతి కూడా.

తిడుతుందనుకున్నాను. జేజి పెనం దించి కింద పెట్టింది.

“తాడు నేను కట్టిందే. లోతుకు సరిపోను కట్టినా గానీ, ఏరు పెరిగితే రాయి లేస్తాదని అనుకోలేదు. తాడు నాది, నోరు నీది. ఇద్దరం పోయి ఆ మనిషికి చెప్పాల.”

నాయనకు ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మరునాడు సంకటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి గుడ్డలో కట్టుకొని ఆసుపత్రికి పోయినాము. డెట్టాలు వాసన వేసే పొడుగాటి హాల్లో, కొస మంచం మీద వీర్రాజు పండుకొని ఉన్నాడు. ఊరుబిండి వేలితో నాకి కండ్లనీళ్లు పెట్టుకొని, ఇంత కారం ఎలా తింటారండి అని నవ్వినాడు. ఆ నవ్వు మీదనే నేను చెప్పాల్సి వచ్చింది. జేజి తన తాడు సంగతి ముందు చెప్పింది. తర్వాత నా పక్క చూసింది. నేను చెప్పినాను. మాటలు ఏవి ఎట్లా వచ్చినాయో గుర్తులేదు, మంచం కోడును గట్టిగా పట్టుకున్నది గుర్తుంది.

అతను కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. “మీరు చెప్పుంటే ఆగేవాణ్ణో లేదో నాకే తెలీదండి. జనానికి తొందర, సావుకారికి తొందర. కానీ మీరు తల ఊపారు చూడండి, అది నమ్మేశానండి” అని గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. క్షమించినానని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. మేము రోజు విడిచి రోజు అన్నం తీసకపోతూనే ఉన్నాము, ఈసారి వరి అన్నం, చప్పిడి పప్పు. నాలుగోసారో ఐదోసారో పోయినప్పుడు, ఉన్నట్టుండి జేజిని అడిగినాడు, బండకాడ నీళ్లు ఎన్ని బారలు, మీ తాడు ఎన్ని బారలు అని. జేజి చెప్పింది. లోతుకు మూడంతలు తాడు వదలాలని, అప్పుడే నీళ్లు పెరిగినా గుర్తు రాయిని లేపకుండా తేలుతుందని అతను వివరించినాడు. అట్లయితే తాడు సడలి గుర్తు అటూ ఇటూ తిరగదా అని జేజి అడిగింది. తిరుగుతుందని, ఎంత తిరుగుతుందో తెలిసి ఉండాలని అతను చెప్పినాడు. సాయంత్రం ఆసుపత్రివాళ్లు బయటికి పంపేదాకా వాళ్లిద్దరూ తాళ్ల గురించే మాట్లాడుకున్నారు. నేను మంచం పక్కన నిలబడి, కూర్చొని, మళ్లా లేచి నిలబడి విన్నాను.

పడవను లాగించి బాగు చేయించినాక, సావుకారు ఒంటిచేతి మనిషిని పంపించేద్దామనుకున్నాడు గానీ, మా ఇంటోళ్లు లేకుండా ఆ పడవ ఎక్కుతామని చెప్పినవాళ్లు ఊర్లో ఎవరూ లేకపోయినారు. జేజి పోయి మాట్లాడింది. మా నాయన గడవేసేటట్టు, వీర్రాజు వెనక నిలబడి దోవ చూసేటట్టు కుదిరింది. నాయన మొదట్లో అతని మొగం చూసేవాడు కాదు. ఒకే పడవలో రోజుకు పదిసార్లు ఏరు దాటేవాళ్లు ఎన్నాళ్లని మాట్లాడకుండా ఉంటారు? గుర్తులు కూడా కొత్తగా కుదుర్చుకున్నారు. ఎడమ, కుడి మాట వదిలేసి, దోవకు ఎగువ పక్క ఎర్రడబ్బాలు, దిగువ పక్క నల్లడబ్బాలు వేసినారు. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా అవి మారవు. ఏనుగుబండకు మాత్రం జేజి బుర్రలే, ఒకదాని మీద ఒకటి రెండు, పైన ఎర్రగుడ్డ. అట్లాంటి జంట బుర్రలు ఇంక ఎక్కడా వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నారు. బరువుకు పగిలిన తిరగలి రాయి కట్టినారు. తెల్లవారి ఉతికే రాయి ఎక్కి చూసి చెప్పే పని వీర్రాజే నాకు పెట్టినాడు. జేజి కాదు, అతనే. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఆ తావున వంతెన ఉంది, బస్సులో కునుకు తీసేలోగా ఏరు దాటిపోతాము. కింద ఏనుగుబండ ఎండలో తేలి ఉంటుంది, ఎక్కువ కాలం నీళ్లే ఉండవు. ఆనాడు ఏది ఎవరు కట్టినారో, ఎవరు చూస్తున్నారో పేరుతో సహా తెలిసేది, తప్పు జరిగితే పోయి నిలబడడానికి ఒక మంచం ఉండేది. ఆనాడే అంతా బాగుండిందని నేను అనను. ఒక ముసలామె జ్వరం మీద, ఒక ఆడపిల్ల తలకాయ ఊపు మీద పదిహేను మంది ప్రాణాలు ఆధారపడి ఉండడం బాగుండడం ఎట్లయితాది? ఇప్పుడు జాకెట్లు ఉన్నాయి, మోటార్లు ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. చూసే మనిషి ఎవరో తెలియకుండా నేను నీళ్ల మీద కూర్చోలేను.

వీర్రాజు చెయ్యి పోయిన మరుసటేడు ఏరు వచ్చినప్పుడు ఒక పొద్దు పడవలో సావుకారే ఎక్కినాడు. ప్రొద్దుటూరులో ఆయన చెల్లెలి కూతురి పెండ్లి, ఇంటిల్లిపాదీ పట్టుబట్టలతో కూర్చున్నారు. నేను రాయి ఎక్కి చూస్తే బుర్రలు తాటిచెట్ల నడుమనే ఉన్నాయి గానీ, ఒక చెట్టుకు కొంచెం ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు అనిపించింది. మంచు పొగ ఉంది. తాడు మీద తిరిగినాయో, రాయే కదిలిందో తెలియలేదు. నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకొని, వద్దు అన్నాను. సావుకారు అరిచినాడు. ముహూర్తం దాటిపోతాదని ఆడోళ్లు ఏడుపు మొగాలు పెట్టినారు. నాయన కూడా, ఏంది చెన్నీ, సరిగ్గా చూసి చెప్పు అని విసుక్కున్నాడు. సరిగ్గా తెలియదనే నేను వద్దన్నది. వీర్రాజు ఒక్కడే ఏమీ అడగలేదు. ఎడమచేత్తో గడను తీసి పడవకు అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చున్నాడు. “అమ్మాయిగారు వద్దన్నారండి” అన్నాడు సావుకారితో.

నాయన పుట్టి వేసుకొని పోయి తాడు లాగి చూసివచ్చేసరికి రెండు గంటలు పట్టింది. రాయి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. తాడు సడలి బుర్రలు తిరిగినాయి, అంతే. పెండ్లివాళ్లు ముహూర్తం తప్పిపోయి, నన్ను తిట్టుకుంటూ ఏరు దాటినారు. సాయంత్రానికి ఊరంతా ఆ మాటే. నేను ఇంట్లోకి పోయి దూలం కింద మూలన కూర్చున్నాను, జేజి పిలిచినా అన్నానికి లేవలేదు. ఇంక రాయి ఎక్కేది లేదని, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పమన్నాను.

మరునాడు తెల్లవారింది. బాగా పొద్దెక్కింది. వాకిట్లో ఎవరో దగ్గినారు. వీర్రాజు. అన్నాళ్లలో మా గడప దాకా అతను రావడం అదే మొదలు. లోపలికి రాలేదు, ఉన్న చెయ్యి ద్వారబంధం మీద పెట్టి బయటే నిలబడినాడు.

“జనం ఎక్కి కూర్చున్నారండి. మీరొచ్చి చూస్తే గాని పడవ తియ్యనన్నాను. తిడుతున్నారు. కొంచెం బేగి రండి” అన్నాడు.

జేజి నా పక్క చూడలేదు. నేను లేచి, జుట్టు ముడేసుకుంటూ అతని వెనకనే రేవుకు దిగినాను.